సైన్యం నుంచి దిగి రంగం వెళ్లిన ముత్తాత: శ్రీకాకుళం వైపు ఊరు, అన్నదమ్ములను పట్టుకోవడం ఎలా?

వంశధార_గట్టు

అందరికీ నమస్కారం. మలేసియాలో స్థిరపడిన మా బంధువుల తరఫున అడుగుతున్నాను. వాళ్ల ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి, దిగిపోయాక 1921 ప్రాంతంలో రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు. పేరు మన వైపు వీధికి ఇద్దరికి ఉండే అప్పన్న పేరే. ఇంటిపేరు మీద రెండు మాటలున్నాయి. చేతిలో ఉన్నవి రెండే: అంచున అక్షరాలు అరిగిపోయిన ఒక పతకం, "కొత్తవలస, చికాకోల్ తాలూకా, గంజాం జిల్లా" అని ఇంగ్లీషులో రాసిన కాగితం ముక్క. పిల్లల్లో ఒకరు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మలయా వెళ్లారు, మిగతావాళ్లు 1964 తర్వాత విశాఖ వచ్చేశారు. ఆయన పుట్టిన ఊరు, అన్నదమ్ముల సంతతి తెలియాలి. చెన్నైలో ఎమిగ్రేషన్ పాస్ వెతికించమని ఒకాయన చెప్పారు. చేయించమంటారా?

రికార్డుగది

ముందు ఆ చెన్నై పని ఆపించండి. బర్మా 1937 ఏప్రిల్ 1 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగం. 1921లో రంగం వెళ్లినాయన చట్టం లెక్కలో దేశం దాటలేదు. పాస్‌పోర్టు లేదు, పాస్ లేదు, ఒప్పందపు నంబరు లేదు. భీమిలిలోనో కళింగపట్నంలోనో స్టీమరు ఎక్కాడు, రంగంలో దిగాడు, అంతే. కూలీలను పోగుచేసే మేస్త్రీ తీసుకెళ్లి ఉంటే ఆ మేస్త్రీ చిట్టాలో పేరుంటుంది గానీ అవి సొంత లెక్కల పుస్తకాలు, సర్కారుకి చేరేవి కావు.

పాసులు ఉన్నది ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లకి. నేటాల్‌కి 1860 నుంచి 1911 దాకా, ఫిజీకి మద్రాసు రేవు నుంచి 1903 మొదలు 1916 దాకా. ఆ పాసులో తండ్రి పేరు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. మారిషస్ అయితే మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఇమిగ్రేషన్ నంబరు మీద వెతుకుతారు. అందుకే "మావాళ్లు పై దేశం పోయారు" అని ఎవరన్నా ఏ దేశం, ఏ ఏడు అన్నవి తేలకుండా పేరు పట్టుకుని తిరగడం దండగ.

మీ కేసులో ఆయన ప్రయాణానికి కాగితం ఉండదు. దానికి ముందూ తర్వాతా ఉంటుంది: సైన్యంలో, ఊళ్లో భూమి కాగితాల్లో, తిరిగొచ్చినవాళ్ల దగ్గర. ఈ మూడు వైపుల నుంచీ రండి.

చీపురుపల్లి_మేష్టారు

ఆ కాగితం ముక్క బంగారం బాబూ, అందులో జిల్లా పేరు ఉంది కనక. చికాకోల్ అంటే శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ వైపు గంజాం జిల్లాలో ఉండేది. తర్వాత విశాఖపట్నం జిల్లాలో కలిసింది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న, పార్వతీపురం మన్యం 2022 ఏప్రిల్ 4న వచ్చాయి. ఒకే ఇంట్లో కదలకుండా కూర్చున్న కుటుంబానికి కూడా తాత కాగితంలో గంజాం, తండ్రి కాగితంలో విశాఖపట్నం, కొడుకు కాగితంలో శ్రీకాకుళం ఉంటుంది. చూసినవాళ్లు ముగ్గురూ వేరే మనుషులనుకుని వదిలేస్తారు.

ఇప్పుడు కొత్తవలస. ఆ పేరు వినగానే విజయనగరం అవతల రైల్వే జంక్షన్ ఉన్న కొత్తవలసకి పోతారు. అది గంజాంలో ఎప్పుడూ లేదు, అప్పట్లో విశాఖపట్నం జిల్లాది. కాబట్టి కొట్టెయ్యండి. మీకు కావలసింది పాత చికాకోల్ తాలూకాలోది. ఆ తాలూకా ఇప్పటి శ్రీకాకుళం మండలం కంటే చాలా పెద్దది. మండలాలు వచ్చిందే 1985లో. మన జిల్లాల్లో వలసలకి లెక్క లేదు, పైగా చాలా కొత్తవలసలు రెవెన్యూ గ్రామాలు కావు, పక్క ఊరికి శివారు పల్లెలు. శివారు పేరు రెవెన్యూ రికార్డులో దొరకదు, మాతృగ్రామం పేరు మీద వెతకాలి. సెన్సస్ వాళ్ల జిల్లా గ్రామాల పుస్తకాలు 1951వి, 1961వి దగ్గర పెట్టుకుని పాత తాలూకాలో ఉన్న కొత్తవలసలన్నీ ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాని ఎదురుగా మాతృగ్రామం, ఇప్పటి మండలం, పూర్వపు జమీందారీ ఏదో వేసుకోండి. ఆ మూడో గడి ఎందుకో దస్తావేజుల సంగతి తెలిసినవాళ్లు చెబుతారు.

మాజీ_హవల్దార్

పతకం ఏ రంగు? అది ముందు చెప్పండి తమ్ముడూ, ఎందుకంటే దాన్నిబట్టి దారి మారిపోతుంది.

మొదటి యుద్ధానికి మనవాళ్లకి ఎక్కువగా వచ్చినవి రెండు. బ్రిటిష్ వార్ మెడల్: ఒకవైపు రాజుగారి తల, రెండోవైపు గుర్రం మీద బట్టల్లేని మనిషి, 1914, 1918 అంకెలు. ఇది సిపాయిలకి వెండిలో ఇచ్చారు. లేబర్ కోర్, పోర్టర్ కోర్ లాంటి కూలీ దళాలకి ఇదే బొమ్మతో కంచులో ఇచ్చారు. రెండోది విక్టరీ మెడల్: రెక్కలున్న స్త్రీ ఒకవైపు, రాత ఇంకోవైపు. ఇది అందరికీ కంచే. చాలామంది కంచు పతకం చూసి "ఓహో, కూలీ దళం" అని తేల్చేస్తారు, రెక్కల బొమ్మ చూడరు.

అంచు చదివే పద్ధతి: చింతపండు, బూడిద, పాలిష్ ఏదీ పెట్టొద్దు. ఉన్న కాస్త అక్షరమూ పోతుంది. చీకటి గదిలో టార్చి లైటు పక్క నుంచి, దాదాపు అంచుకి తగిలేంత వాలుగా వేసి ఫోన్‌తో ముక్కలు ముక్కలుగా ఫోటోలు తీయండి. పతకాన్ని కొంచెం కొంచెం తిప్పుతూ అదే చోటు రెండుమూడు కోణాల్లో తీస్తే నీడ పడి అక్షరం లేస్తుంది. అది కుదరకపోతే పల్చటి కాగితం చుట్టి మెత్తటి పెన్సిల్‌తో పైపైన రుద్దండి. వరస ఇలా ఉంటుంది: నంబరు, హోదా, పేరు, పటాలం. తండ్రి పేరు, ఊరు ఉండవు. పేరు కంటే నంబరు, పటాలం ముఖ్యం. ఆ రోజుల్లో ప్రతి పటాలానికీ సొంత నంబర్ల వరస. నంబరు ఒక్కటే దొరికితే అదే నంబరు వాళ్లు ఎన్నో పటాలాల్లో ఉంటారు.

వంశధార_గట్టు

రెక్కల బొమ్మే అన్నగారూ. కంచు. టార్చి వేసి తీస్తే చివర్లో 61, దాని పక్కన పయనీర్స్ అనే మాటలో మొదటి అక్షరాలు కనబడ్డాయి. నంబరులో నాలుగు అంకెలు, మూడోది అనుమానం.

మాజీ_హవల్దార్

అయితే చాలా తేలిపోయింది. విక్టరీ మెడల్ ఒక్కటే ఎవరికీ ఇవ్వలేదు, బ్రిటిష్ వార్ మెడల్‌తో జంటగానే వస్తుంది. మీ వాళ్ల ఇంట్లో వెండిది ఎప్పుడో కంసాలి దగ్గర కరిగిపోయి ఉంటుంది, ఇది వెండి కాదు కాబట్టి బతికింది. మనిషి కూలీ దళం కాదు, 61వ కింగ్ జార్జెస్ ఓన్ పయనీర్స్. మద్రాసు పటాలం. 1914 నవంబరులో తూర్పు ఆఫ్రికాలో టాంగా దగ్గర దిగిన దళాల్లో వీళ్లున్నారు. మీ బంధువుల ఇంట్లో ఆఫ్రికా మాట ఏదైనా మిగిలి ఉందేమో అడగండి. ఉంటే సరిపోల్చుకోవడానికి పనికొస్తుంది, లేకపోతే నష్టం లేదు.

ఇక్కడ జనం తప్పుదారి పట్టేది రెండు చోట్ల. ఒకటి, పయనీర్ కోర్ రికార్డ్స్ అని బెంగళూరులో ఉంది కదా అని అక్కడికి ఉత్తరం రాస్తారు. ఇప్పటి పయనీర్ కోర్ రెండో యుద్ధం నాటి సహాయక దళాల నుంచి వచ్చింది, దీనికీ దానికీ చుట్టరికం లేదు. 1922 మార్పుల్లో 61వది మద్రాసు పయనీర్లలో మొదటి పటాలమైంది, 1933లో పయనీర్లని మొత్తంగా ఎత్తేశారు, మనుషుల్లో కొందరు మద్రాసు సాపర్స్‌లోకి వెళ్లారు. ఆ సాపర్సే ఇప్పటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, కాబట్టి అడగవలసింది బెంగళూరులోనే ఉన్న వాళ్లని. రెండోది, మద్రాసు పటాలం అనగానే నీలగిరుల్లోని వెల్లింగ్టన్ వెళ్తారు. అక్కడి మద్రాస్ రెజిమెంట్ 1941లో మళ్లీ లేపింది, ఈయన అప్పటికి ఇరవై ఏళ్లుగా రంగంలో ఉన్నారు.

లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో మెడల్ కార్డుల వరస ఉంది, డబ్ల్యూఓ 372. అందులో ఇండియన్ ఆర్మీ వాళ్ల కార్డులు కొన్నున్నాయి. ఆన్‌లైన్‌లోనే వెతకొచ్చు, నంబరులో అనుమానం ఉన్న అంకె అక్కడ తేలవచ్చు. డబ్ల్యూఓ 95 యుద్ధ డైరీలు పటాలం ఏ రోజు ఎక్కడుందో చెబుతాయి, సిపాయిల పేర్లు వెతకొద్దు. పేర్లు కావాలంటే హోదా జమేదారు, సుబేదారు అయ్యుండాలి. వాళ్లు ఇండియన్ ఆర్మీ లిస్టుల్లో అచ్చయ్యారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల జాబితాలో తండ్రి పేరు, ఊరు ఉంటాయి నిజమే, కానీ అది చనిపోయినవాళ్లది. ఆయన బతికి దిగాడు. పంజాబు సైనికుల రిజిస్టర్లు దొరికాయని వార్తలు చదివి ఆశపడొద్దు, మన జిల్లాలకి అవి ఎక్కవు.

ఆయన పూర్తి సర్వీసు ఫైలు దొరుకుతుందని లెక్క వేసుకోకండి. దొరికితే డిశ్చార్జి కాగితం దొరకాలి, అది ఇంట్లోనే ఉండాలి. పాత ట్రంకు పెట్టెల అడుగున పరిచిన కాగితాలు కూడా తీసి చూడమనండి.

పలాస_జీడి

మధ్యలో వస్తున్నాను, క్షమించాలి. మా తాతగారిది ఇంకోరకం. ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేసి 1973లో దిగి మస్కట్ వెళ్లారు. అక్కడే కాలం చేశారు. ఆయన అన్నదమ్ముల వివరాలు సైన్యం కాగితాల్లో ఉంటాయా? అమెరికాలో ఉన్న మా కజిన్ ఆర్టీఐ వేస్తానంటున్నాడు.

మాజీ_హవల్దార్

మీది తేలికైన కేసు. కజిన్‌ని వెయ్యవద్దనండి. ఆర్టీఐ భారత పౌరులకే. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే ఓసీఐ (విదేశీ భారతీయుల) కార్డున్నా చెల్లదు. పలాసలో ఉన్నవాళ్లు వెయ్యాలి.

అయినా మొదట ఆర్టీఐ వద్దు. మూడో మనిషి వ్యక్తిగత సమాచారం అని ఒక్క వాక్యంలో తిప్పి పంపేస్తారు. వారసుడి హోదాలో నేరుగా ఏఎస్‌సీ రికార్డ్స్, సౌత్, బెంగళూరుకి రాయండి. జతచెయ్యాల్సినవి: ఆయన మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ ఆధార్, డిశ్చార్జి బుక్‌లో మొదటి రెండు పేజీల నకలు. శ్రీకాకుళం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మంచిది, అక్కడ ఆయన మాజీ సైనికుడిగా నమోదై ఉంటే పాత దరఖాస్తులో భార్యాపిల్లల పేర్లు కూడా ఉంటాయి.

"వివరాలు ఇప్పించండి" అని రాస్తే రెండు వాక్యాల జవాబు వస్తుంది. కాగితాల పేర్లు పెట్టి అడగండి. షీట్ రోల్: చేరిననాటి ఊరు, తండ్రి, పోస్టాఫీసు, గుర్తులు. కిండ్రెడ్ రోల్: దగ్గరి బంధువుల పట్టిక, మీకు కావలసిన అన్నదమ్ములు ఇందులోనే ఉంటారు. పార్ట్ టూ ఆర్డర్లు: పెళ్లి, పిల్లల పుట్టుక నమోదు. పెన్షన్ వస్తే పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబరు కూడా ఇవ్వండి. బ్యాంకు పాత పాస్‌బుక్ మీద ఉంటుంది. పెన్షన్ లేకుండా దిగినవాళ్ల ఫైళ్లు 25 ఏళ్లకి తగలబెట్టేస్తారు. అప్పుడు మిగిలేది లాంగ్ రోల్ అనే పేర్ల పట్టిక ఒక్కటే, అందులో నాలుగు ముక్కలే ఉంటాయి గానీ అది శాశ్వతం. "ఫైలు నాశనమైతే లాంగ్ రోల్ నకలు" అని అదే ఉత్తరంలో చివరి వాక్యంగా పెట్టండి. రెండోసారి రాసే పని తప్పుతుంది.

జవాబు రాకపోతే అప్పుడు పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో ఆర్టీఐ. గడువు 30 రోజులు, ఆ తర్వాత 30 రోజుల్లోపు అప్పీలు.

దస్తావేజు_రైటర్

అసలు ప్రశ్నకి వస్తాను. మేష్టారు మూడో గడి అన్నారు కదా, అదీ సంగతి. మన రెండు జిల్లాల్లో ఎక్కువ ఊళ్లు జమీందారీలో ఉండేవి. విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, టెక్కలి, మందస, ఇలా. అలాంటి ఊరికి 1921 నాటి సర్కారు భూమి రిజిస్టరు అడిగితే ఉండదు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్మెంటు జరిగి ఫెయిర్ అడంగల్ (ఊరి భూముల పట్టిక) తయారైంది, అదే మొదటి మెట్టు. సర్కారు గ్రామమైతే డైగ్లాట్ (రెండు భాషల్లో రాసిన సెటిల్మెంటు భూమి రిజిస్టరు) ఉంటుంది, పాతది దొరుకుతుంది. తహసీల్దారు ఆఫీసులో వేసే ఆర్టీఐకి ఫీజు మండల స్థాయిలో అయిదు రూపాయలు. దరఖాస్తులో "ఫలానా వ్యక్తి వివరాలు" అనొద్దు. "ఫలానా గ్రామం ఫెయిర్ అడంగల్, ఫలానా ఇంటిపేరు ఉన్న ఖాతాల పేజీల నకళ్లు" అనండి. ఆయన 1921లోనే వెళ్లిపోయినా అన్నదమ్ముల పేర్లు, తండ్రి పేరుతో సహా, అక్కడ దొరుకుతాయి. మనకి కావలసింది వాళ్లే.

ఇంకా బలమైనది సబ్ రిజిస్ట్రారు ఆఫీసు. రంగం వెళ్లడానికి డబ్బు కావాలి కదా, తాకట్టో అమ్మకమో జరుగుతుంది. లేదా అక్కడి నుంచి డబ్బు పంపి ఇక్కడ కొంటాడు, అప్పుడు దస్తావేజులో "ప్రస్తుతం రంగూన్‌లో ఉండు" అని రాస్తారు. పాత దస్తావేజు ఒక్కటి దొరికితే తండ్రి పేరు, కులం, వృత్తి, కాపురం ఉన్న ఊరు, హద్దుల్లో అన్నదమ్ముల పొలాలు, సాక్షులుగా మేనమామలు, ఇంత సరుకు. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే వస్తుంది. "నిల్" అని చూసి ఊరుకోకండి, దానికి ముందుది చేత్తో వెతికించాలి. ఇండెక్స్ ఒకటి మనుషుల పేర్ల వారీ, ఇండెక్స్ రెండు గ్రామం వారీ. పేరు మీద అనుమానం ఉంది కాబట్టి రెండోది చూడండి, 1918 నుంచి 1930 దాకా. ఏ గ్రామం అప్పుడు ఏ సబ్ రిజిస్ట్రీ కిందుండేదో ముందు కనుక్కోండి. ఆఫీసులు చీలాయి, పుస్తకాలు పాత ఆఫీసులోనే ఉండిపోతాయి. వీలునామాలు మూడో పుస్తకంలో, స్థిరాస్తి కాని ఇతర పత్రాలు నాలుగో పుస్తకంలో. వాటి నకళ్లు రాసినవాళ్లకీ వాళ్ల తరఫున హక్కున్నవాళ్లకే ఇస్తారు. మొదటి పుస్తకం, దాని ఇండెక్సులూ ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు.

కరణాల వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు దస్త్రాలన్నీ అప్పజెప్పలేదు. కొన్ని ఊళ్లలో పాత కరణం గారి ఇంటి అటక మీద ఇంకా ఉన్నాయి. మర్యాదగా వెళ్లి అడగండి, ఫోటో తీసుకుంటామనండి, పట్టుకెళ్తామనొద్దు.

బర్మా_కాలనీ

1964 తర్వాత వచ్చినవాళ్లున్నారంటున్నారు, వాళ్లనే ముందు కలవాల్సింది. ఈ చర్చలో అందరూ వందేళ్ల కిందటికి వెళ్లిపోయారు. విశాఖ కంచరపాలెం బర్మా క్యాంపులో, శ్రీకాకుళం వైపూ ఆ కుటుంబాలున్నాయి. పెద్దవాళ్లు పోతున్నారు, కాగితాలు చెదలు పడుతున్నాయి.

అడగవలసిన కాగితాలు చెబుతాను. ఒకటి, ఎఫ్ఆర్‌సీ పుస్తకం. బర్మా స్వతంత్రం వచ్చాక పౌరసత్వం తీసుకోని మనవాళ్లందరికీ విదేశీయుల నమోదు పుస్తకం ఉండేది. ఫోటో, తండ్రి పేరు, పుట్టినచోటు, బర్మా వచ్చిన ఏడు అందులో ఉంటాయి. బర్మాలో పుట్టినవాళ్ల పుస్తకంలో మన ఊరు పేరు ఉండదు. ఆ తరంలో ఇక్కడ పుట్టి వెళ్లిన పెద్ద మనిషిది ఎవరిదో చూసి అదే అడగండి. రెండు, రంగూన్‌లో భారత రాయబార కార్యాలయం ఇచ్చిన ప్రయాణ పత్రం. దాని మీద ఇండియాలో స్వగ్రామం రాయించుకునేవారు. మూడు, పునరావాసం కోసం ఇక్కడ ఇచ్చిన రిపేట్రియేట్ ధ్రువపత్రం, దాని మీద తీసుకున్న అప్పు కాగితాలు. తిరిగొచ్చినవాళ్ల కోసం 1969లో పెట్టిన రెప్కో బ్యాంకులో వాటాదారులై ఉంటే సభ్యత్వ ఫారం కూడా ఉంటుంది.

1942లో జపాను వాళ్లు వచ్చినప్పుడు కుటుంబంలో ఎవరైనా నడిచి వచ్చి, యుద్ధం అయ్యాక మళ్లీ వెళ్లారా అని కూడా కనుక్కోండి. అలా వచ్చినవాళ్లు ఆ మూడు నాలుగేళ్లు ఎవరింట్లో ఉన్నారో అదే అన్నదమ్ముల ఇల్లు. పిల్లల్ని ఆ ఊరి బడిలో వేసి ఉంటే అడ్మిషన్ రిజిస్టర్లో ఇంటిపేరుతో సహా పేరు, తండ్రి పేరు, ఎక్కడి నుంచి వచ్చారో కూడా ఉండొచ్చు. 1942, 1943 పేజీలు చాలు. బడికి కొత్త భవనం వచ్చినా పాత రిజిస్టరు హెడ్మాస్టరు బీరువాలో ఉంటుంది.

ఇంకో ముక్క. రంగూన్ పాత రికార్డుల్లో మనవాళ్లని కోరంగీలని రాశారు. కోరంగి రేవు గోదావరి వైపుది కదా అని ఆ మనుషుల్ని గోదావరి వాళ్లనుకుని తీసెయ్యకండి, శ్రీకాకుళం వాళ్లూ అందులోనే ఉంటారు.

బొబ్బిలి_వీణ

డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఇంత తిరుగుడు తప్పదా?

రికార్డుగది

తప్పదమ్మా. ఇటువైపు అన్నదమ్ముల సంతతి కూడా అదే కంపెనీలో పరీక్ష చేయించుకుని ఉంటేనే జత కలుస్తుంది. మన పల్లెల్లో చేయించుకున్నవాళ్లు ఎంతమంది? ఊరు, ఇల్లు తేలాక ఖాయం చేసుకోవడానికి వాడండి. పైగా మేనరికాలున్న కుటుంబాల్లో చుట్టరికం ఉన్నదానికంటే దగ్గరగా చూపిస్తుంది.

చీపురుపల్లి_మేష్టారు

పేర్ల సంగతి ఒకటి చెప్పాలి. ఇంటిపేరు మీద రెండు మాటలున్నాయన్నారు. పటాలం గుమస్తా ఇంటిపేరు వదిలేసి కులం మాట తగిలించేవాడు, లేదా ఒట్టి పొడి అక్షరం వేసేవాడు. ఆ పొడి అక్షరం ఇంగ్లీషుది, దానికి తెలుగులో నాలుగైదు ఇంటిపేర్లు సరిపోతాయి. ఆయన ఇల్లరికం వెళ్లి ఉంటే కాగితంలో కొత్తవలస మామగారి ఊరు కావచ్చు, పుట్టిన ఊరు కాకపోవచ్చు. దత్తత అయితే తండ్రి పేరే మారుతుంది. రెండు ఇంటిపేర్లూ నిజమే అయ్యే అవకాశం ఇక్కడుంది, ఒకదాన్ని తొందరపడి కొట్టెయ్యకండి.

పెద్ద మనవడికి తాత పేరు పెట్టే ఆనవాయితీ ఉంది కనక ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్న మనుషులు తరం విడిచి తరం వస్తారు. అడంగల్‌లో 1950ల్లో ఆయన పేరు కనబడిందని సంబరపడితే అది అన్నగారి మనవడు కావచ్చు. తండ్రి పేరు కలవాలి, ఊరు కలవాలి, ఇంటిపేరు గానీ ఒక అన్నదమ్ముడి పేరు గానీ కలవాలి. రెండే కలిస్తే పక్కన అనుమానం అని రాసి ఉంచండి. విదేశం నుంచి వచ్చిన చుట్టాలని వినగానే "మా తాత తమ్ముడే" అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. భూమి వాటా భయంతో "మాకెవరూ లేరు" అనేవాళ్లూ ఉంటారు. అందుకని మీకు తెలిసిన పేర్లు ముందు బయటపెట్టకండి, వాళ్లనే చెప్పనివ్వండి.

ఊళ్లో ఇంకోటి చూడండి. మొదటి యుద్ధానికి ఈ ఊరి నుంచి ఇంతమంది వెళ్లారని చెక్కిన రాతి పలకలు మద్రాసు రాజధానిలో చాలా ఊళ్లలో పెట్టారు. పాత చావిడిలోనో బడి గోడలోనో, సున్నం పూతల కింద ఉండొచ్చు. పేర్లుండవు, సంఖ్యే. కానీ రెండు కొత్తవలసల మధ్య తేల్చుకోవలసి వస్తే అదీ ఆధారమే.

వంశధార_గట్టు

విశాఖ చుట్టాల ఎఫ్ఆర్‌సీ పుస్తకాలకి కబురు పెట్టాను. పతకం నంబరు మీద మెడల్ కార్డు మలేసియా వాళ్లే వెతుకుతారు. కొత్తవలసల పట్టిక నేను చేస్తాను. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌కి ఉత్తరం ఇప్పుడే రాయమంటారా అన్నగారూ?

మాజీ_హవల్దార్

మూడో అంకె తేలాక రాయండి. తప్పు నంబరుతో వెళ్తే "రికార్డు లేదు" అని వస్తుంది, ఆ తర్వాత సరైన నంబరుతో రాసినా పాత జవాబే చూపిస్తారు.

దస్తావేజు_రైటర్

పట్టిక ఇక్కడే పెట్టండి. ఏది ఏ ఎస్టేటో, ఏ సబ్ రిజిస్ట్రీలో పుస్తకాలున్నాయో పక్కన రాసిస్తాను.